మాట వినని గడ్డలు

మీ పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దమ్మ చీర చెంగుతో విసురుకుంటోంది. జనవరి నెల, పొద్దున తొమ్మిది. విశాఖలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి, ఎండోక్రైనాలజీ ఓపీ ముందు వరండా ఇది. చుట్టూ ఉన్నవాళ్లు తలకు మఫ్లర్లు, భుజాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఆమె నుదుటి మీద మాత్రం చెమట.

"ఉక్కగా లేదేటే నీకు?" అని కూతుర్ని అడుగుతోంది. కూతురు లేదని తలూపి ఓపీ చీటీ మడత విప్పి నంబరు మళ్లీ చూసుకుంటుంది. తల్లీకూతుళ్లు తెల్లవారుజామున పార్వతీపురంలో రైలెక్కి వచ్చారు. ఊరు అక్కడికి ఇంకా లోపల, కొండల కింద.

ఆమె చేతులు చూడండి. ఒళ్లో పెట్టుకున్నా వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. జాకెట్టు భుజాల దగ్గర జారిపోతోంది. మెడ వైపు చూస్తే గొంతు కింద రెండు పక్కలా ఎగుడుదిగుడుగా ఒక ఉబ్బు కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఉన్నదేనంటుంది. వాళ్లమ్మకూ ఉండేదట. నొప్పి లేదు, దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది లోపే గుండె దడ మొదలైంది. రాత్రుళ్లు నిద్ర లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనం. "ఆకలి మాత్రం బాగానే ఉంటాది. తిన్నది ఏటైపోతాదో తెలీదు. మనిషిని సగమైపోనాను" అని మీకే చెబుతోంది, ఎప్పటి నుంచో ఎరిగినట్టు.

ఊళ్లో మొదట గ్యాస్ అన్నారు. తర్వాత వయసన్నారు. నిద్ర మాత్రలు వాడారు. అరవై దాటిన మనిషి చిక్కిపోతే, నీరసపడితే, చేతులు వణికితే వయసు మీదికి తోసెయ్యడం చాలా తేలిక. థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు పెద్దవాళ్లలో తరచుగా ఈ ముసుగులోనే తిరుగుతుంది. మీ ఎదుటి బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చున్న పెద్దాయనకు వణుకూ లేదు, చెమటా లేదు. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని గుండె డాక్టరు దగ్గరికి వెళితే, అక్కడ చేసిన రక్తపరీక్షలో అసలు సంగతి బయటపడి ఇక్కడికి పంపారు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బుతో ఎముకలు గుల్లబారితే చిన్న జారుడుకే తుంటి విరుగుతుంది. గొంతు కింద ఉబ్బు కనిపించినా కనిపించకపోయినా, కారణం తెలియని చిక్కుదలకూ దడకూ ఒక్క టీఎస్‌హెచ్ పరీక్ష చేయించడం ఎంత అవసరమో ఈ వరండాలో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది.

నంబరు పిలిచారు. మీరూ లోపలికి రండి.

డాక్టరమ్మ ముందుగా కాగితాలు చూడదు. పెద్దమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరుస్తుంది. కాగితం అంచులు అదురుతున్నాయి. గ్లాసుతో నీళ్లిచ్చి గుటక వెయ్యమంటుంది. గుటకతో పాటు గొంతు కింది ఉబ్బు పైకి లేచి మళ్లీ దిగింది. థైరాయిడ్‌కు సంబంధించిన వాపు అయితే గుటకతో కదులుతుంది. తర్వాత వెనక నిలబడి రెండు చేతుల వేళ్లతో మెడ తడుముతుంది. ఒకటి, రెండు, మూడు. వేళ్ల కింద వేరువేరుగా గడ్డలు. మణికట్టు పట్టుకుని గడియారం చూస్తుంది. నాడి నిమిషానికి నూట పన్నెండు, లయ తప్పలేదు. కళ్లు ఉబ్బి బయటికి రాలేదు. ఆ సంగతి ప్రత్యేకంగా రాసుకుంది.

ఇప్పుడు కాగితాలు. టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ. ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 4 మధ్య. ఫ్రీ టీ4 ఎక్కువ, టీ3 ఇంకా ఎక్కువ.

టీఎస్‌హెచ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఆజ్ఞ పెరుగుతుంది, హార్మోన్ ఎక్కువైతే ఆజ్ఞ తగ్గిపోతుంది. ఈమె పిట్యూటరీ దాదాపు పూర్తిగా నోరు మూసుకుంది. "చాలు, ఆపు" అని దానికి తెలిసిన ఒకే ఒక్క విధానంలో చెబుతోంది. అయినా గొంతులో పని ఆగడం లేదు. ఎవరి ఆజ్ఞ మీద జరుగుతోంది ఆ పని?

"స్కాన్‌లో చూద్దాం పెద్దమ్మా. ఇంజెక్షన్ ఒకటి చేస్తారు, నొప్పుండదు. కాసేపు కదలకుండా పడుకోవాలి, అంతే."

న్యూక్లియర్ మెడిసిన్ గదిలో చలి ఎక్కువ. పెద్దమ్మకు అది హాయిగా ఉంది. చేతి నరంలోకి టెక్నీషియం చాలా కొద్ది మోతాదులో ఎక్కించారు. థైరాయిడ్ దాన్ని అయోడిన్ అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఓ ఇరవై నిమిషాలయ్యాక గామా కెమెరా ఆమె మెడ మీదికి దిగింది. మీరు అద్దం అవతలి గదిలో తెర ముందు నిలబడ్డారు. చుక్కలు ఒక్కొక్కటే పేరుకుంటున్నాయి. యాంటీబాడీలు థైరాయిడ్‌ను రెచ్చగొట్టే గ్రేవ్స్ జబ్బయితే సీతాకోక చిలుక ఆకారంలో గ్రంథి అంతా ఒకే తీరున వెలిగేది. ఇక్కడ కుడివైపు కింద ఒకచోట, ఎడమవైపు మధ్యలో ఇంకోచోట నల్లగా దట్టంగా రెండు ముద్దలు తేలాయి. మిగతా గ్రంథి పాలిపోయి ఉంది. అది పిట్యూటరీ మాట విని పని మానుకున్న భాగం. ఆ రెండు గడ్డలే వినలేదు.

వాటిని వేడి గడ్డలంటారు. వాటిలో క్యాన్సర్ ఉండడం చాలా అరుదు. అయోడిన్‌ను లాక్కోని చల్లని గడ్డ ఏదైనా ఉంటే, అల్ట్రాసౌండ్‌లో దాని తీరు అనుమానంగా ఉంటే, సూదితో కణాలు తీసి చూస్తారు. పెద్దమ్మకు మూడో గడ్డ చల్లనిదే. అల్ట్రాసౌండ్‌లో మాత్రం భయపడే లక్షణాలు లేవు.

గ్రేవ్స్ వేరు, గడ్డల జబ్బు వేరు అని 1913లోనే అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు హెన్రీ ప్లమ్మర్ విడదీసి చెప్పాడు. గడ్డలు ఎందుకు మాట వినవో తెలియడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. 1993లో బ్రస్సెల్స్ పరిశోధకులు అలాంటి గడ్డల కణాల్లో, టీఎస్‌హెచ్‌ను అందుకునే గ్రాహకం తాలూకు జన్యువులోనే మార్పులు కనిపెట్టారు. ఆజ్ఞ రాకపోయినా వచ్చినట్టే ఆ కణం ప్రవర్తిస్తుంది. మార్పు పుట్టుకతో వచ్చింది కాదు. ఏళ్ల తరబడి పెరుగుతున్న గ్రంథిలో ఏదో ఒక కణంలో పుట్టి, ఆ కణం విభజన చెందుతూ గడ్డయింది. ఈ ఒక్క సంగతి మీద పెద్దమ్మ వైద్యమంతా ఆధారపడి ఉంటుంది. ఆమెకు ఇవ్వబోయే మాత్ర హార్మోన్ తయారీని ఆపగలదు. కణంలో మారిపోయిన జన్యువును మార్చలేదు.

స్కాన్ గది బయట ఆమె నీళ్లు తాగుతోంది. మీరు ఆ మెడ వైపు మళ్లీ చూస్తారు. ఏళ్ల తరబడి పెరుగుతున్న గ్రంథి అన్నాం. ఎందుకు పెరిగింది?

వానలకు కొట్టుకుపోయిన కొండ నేలల్లో అయోడిన్ ఉండదు. ఆ నేలలో పండింది తిని, ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల థైరాయిడ్, దొరికే కాస్త అయోడిన్‌నూ ఒడిసిపట్టుకోవడానికి సాగుతూ పోతుంది. దేశంలో ఈ బాధను ఉప్పుతో ఆపవచ్చని రుజువు చేసిన వైద్య శాస్త్రవేత్త ఈ ప్రాంతం మనిషే. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో సహచరులతో కలిసి పని మొదలుపెట్టాడు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. అయోడిన్ ఉప్పు అందిన చోట్ల పిల్లల గొంతు వాపులు తగ్గుతూ వచ్చాయి. 1962లో దేశం గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమం చేపట్టింది. పెద్దమ్మ మనవరాళ్ల మెడలు నునుపుగా ఉన్నాయంటే అందులో ఆ ఉప్పు పుణ్యం ఉంది.

ఆమె తరానికి మాత్రం అయోడిన్ ఆలస్యంగా అందింది. అప్పటికే గడ్డలు కట్టిన గ్రంథికి ఒక్కసారిగా అయోడిన్ దొరికితే, మాట వినని కణాలు దాన్ని పట్టుకుని హార్మోన్ పోగేస్తాయి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో 1966లో రొట్టెలో అయోడిన్ కలిపినప్పుడు థైరాయిడ్ అతిగా పనిచేసే కేసులు కొన్నేళ్లపాటు పెరిగాయి. వాళ్లలో ఎక్కువమంది పాత గడ్డలున్న పెద్దవాళ్లే. దానర్థం ఉప్పు తప్పని కాదు. పిల్లల మెదడు ఎదగడానికి అయోడిన్ ఎంత ముఖ్యమో చూస్తే ఆ ఉప్పు మానే ప్రసక్తే లేదు. పాత గడ్డలున్న పెద్దవాళ్లను కనిపెట్టి ఉండాలి, అంతే. సీటీ స్కాన్‌కు ఎక్కించే అయోడిన్ రంగు మందుతోనూ, గుండె లయకు వాడే అమియోడరోన్‌తోనూ ఇదే ప్రమాదం ఉంది. గొంతులో గడ్డలున్నవాళ్లు ఎక్కడ ఏ స్కాన్‌కు వెళ్లినా ఆ మాట ముందే చెప్పాలి.

మధ్యాహ్నం డాక్టరమ్మ ముందు మళ్లీ కూర్చున్నారు. మందు మొదలుపెట్టే ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), కాలేయ పరీక్ష చేయించింది. రెండూ బాగున్నాయి. "ఆయాసం, ఉబ్బసం ఉందా పెద్దమ్మా?" లేదు. అయితే ప్రొప్రనొలాల్ ఇవ్వొచ్చు. దడను, వణుకును అది రోజుల్లోనే తగ్గిస్తుంది, హార్మోన్‌ను మాత్రం పెద్దగా ముట్టుకోదు. అసలు మందు కార్బిమజోల్. దుకాణంలో ఎక్కువగా నియోమెర్కజోల్ పేరుతో దొరుకుతుంది. రోజుకు ఇరవై మిల్లీగ్రాములు.

చీటీ రాయడం అయిపోయినా డాక్టరమ్మ పెన్ను కింద పెట్టలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో కొన్ని వాక్యాలు రాసి కూతురి చేతికిచ్చింది. "ఇది బీరువా తలుపుకి అంటించమ్మా. జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా, నోట్లో పుళ్లు లేచినా ఈ మాత్ర ఆపెయ్యాలి. అదే రోజు సీబీపీ చేయించాలి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆపి మా దగ్గరికి రావాలి. ఒళ్లంతా దురద, దద్దుర్లు వస్తే ఫోన్ చెయ్యండి. అవి లేకుండా మాత్రం ఎవరు చెప్పినా ఆపకూడదు."

వీళ్ల తర్వాత లోపలికెళ్లిన అమ్మాయికి ఇంకా పాతికేళ్లు నిండలేదు. ఆమెదీ ఇదే మాత్ర. ఆమెకు మరో వాక్యం అదనంగా పడింది. పిల్లల్ని కనాలనుకుంటే ముందే చెప్పాలి, నెల తప్పితే ఆ వారమే రావాలి. గర్భం మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ బిడ్డ అవయవాలకు హాని చెయ్యగలదు. అవసరమైతే అప్పుడు ప్రొపైల్‌థయోయురాసిల్‌కు మారుస్తారు. దానివల్ల కాలేయం తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం ఉందని 2010లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది. అందుకే మిగతా సమయాల్లో దాన్ని ముందు వరసలో వాడరు.

రాత్రి ఎనిమిది. కొండల కింద ఊరు. పెద్దమ్మ గంజి తాగి మొదటి మాత్ర మింగింది. ఇప్పుడు ఆమె గొంతులోకి, ఆ కుడివైపు గడ్డలోకి మీరూ వెళ్లండి.

చుట్టూ గుండ్రంగా పేర్చినట్టు కణాలు. మధ్యలో చిక్కటి జిగురు ద్రవం. కణాలు రక్తంలోంచి అయోడిన్‌ను లాక్కుని ద్రవంలోకి నెడుతున్నాయి. అక్కడ థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము అయోడిన్‌ను ఒక పెద్ద ప్రొటీన్‌కు అతికిస్తుంది. అతికిన ముక్కలు రెండేసి కలిసి టీ4, టీ3 అవుతాయి. పెద్దమ్మ మింగిన కార్బిమజోల్ రక్తంలో మెథిమజోల్‌గా మారి ఇక్కడికి చేరింది. అది ఎంజైముకు అడ్డుపడింది. అతుకులు ఆగిపోయాయి. రక్తంలో ఈ మందు కొద్ది గంటలే ఉంటుంది. గ్రంథిలో మాత్రం పేరుకుని చాలాసేపు పనిచేస్తుంది. అందుకే చాలామందికి రోజుకు ఒకసారి వేసినా సరిపోతుంది.

ఈ మందు ఎలుకల గొంతుల్లోంచి పుట్టుకొచ్చింది. 1941లో బాల్టిమోర్‌లో పరిశోధకులు మెకెన్జీ దంపతులు, మెకాలమ్ కలిసి ఎలుకలకు సల్ఫాగ్వానిడిన్ అనే మందు పెడుతుంటే వాటి థైరాయిడ్ ఉబ్బింది. హార్మోన్ తయారీ ఆగడంతో పిట్యూటరీ ఆజ్ఞలు పెంచింది, గ్రంథి ఉబ్బింది. హార్మోన్ ఆపే పదార్థం ఉన్నట్టేనని బోస్టన్‌లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ పట్టుకున్నాడు. 1943లో థయోయూరియా, థయోయురాసిల్‌లను మనుషులకిచ్చి, థైరాయిడ్ ఉద్ధృతిని మందుతో అదుపు చెయ్యొచ్చని చూపించాడు. ఆ పరంపరలోనే 1950ల తొలినాళ్లలో కార్బిమజోల్ వచ్చింది.

తయారీ ఆగింది. మరి పెద్దమ్మకు తెల్లారేసరికి దడ తగ్గాలి కదా? తగ్గదు. కొత్త ధాన్యం రాకపోయినా గాదెలో పాత ధాన్యం ఉన్నన్నాళ్లు ఇంట్లో వంట ఆగదు. ఈ జిగురు ద్రవంలో వారాలకు, కొందరిలో నెలలకు సరిపడా హార్మోన్ నిలవ ఉంది. అదంతా కరగాలి. రక్తంలోకి వచ్చిన టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకే కార్బిమజోల్ ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. "పది రోజులైంది, మందు పనిచెయ్యట్లేదు" అని ఎందరో మానేసేది ఈ నిరీక్షణలోనే. కూతురికి ఆ సంగతి డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ మాత్రం మూడో వారంలో కూడా "ఏటీ మార్పు నేదు" అంటూనే ఉంది. అంటూనే మాత్ర మింగుతోంది.

అయిదో వారం. రాత్రి భోజనాలయ్యాక ఆమెకు వణుకుతో జ్వరం వచ్చింది. గొంతులో మంట. ఊళ్లో అప్పటికే వైరల్ జ్వరాలున్నాయి. పక్కింటివాళ్లు పారాసిటమాల్ ఇచ్చారు, పొద్దున చూద్దాం అన్నారు. కూతురు లాంతరు పట్టుకుని బీరువా తలుపు దగ్గర నిలబడింది. ఆ కాగితం చదువుకుంది. నియోమెర్కజోల్ స్ట్రిప్‌ను మడిచి పక్కన పెట్టేసింది. తెల్లారగానే మొదటి ఆటోలో తల్లిని పార్వతీపురం తీసుకొచ్చింది.

మీరూ ఆ ఆటోలో ఉన్నారు. ఈ తొందర ఎందుకో మీకు తెలియాలి. ఈ మందు వాడేవాళ్లలో వెయ్యికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్ని చెయ్యడం మానేస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. క్రితం వారం పరీక్ష బాగున్నా ఈ వారం ఉన్నట్టుండి పడిపోవచ్చు. అందుకే నెలనెలా సీబీపీ చేయించినా అది పూర్తి భరోసా ఇవ్వదు. జ్వరం వచ్చిన రోజు చేయించే సీబీపీయే ప్రాణం కాపాడుతుంది. న్యూట్రోఫిల్స్ అయిదొందల కన్నా తగ్గితే గొంతులోని మామూలు క్రిములే రక్తంలోకి పాకుతాయి. వెంటనే ఆసుపత్రిలో చేరి యాంటీబయాటిక్స్ ఎక్కించుకోవాలి. ఆ మనిషి మళ్లీ జన్మలో ఈ మందు ముట్టకూడదు, దీని జతమందు ప్రొపైల్‌థయోయురాసిల్‌నూ ముట్టకూడదు.

ల్యాబ్ బయట బల్ల మీద పెద్దమ్మ కూతురి భుజానికి తల ఆన్చింది. రిపోర్టు వచ్చింది. మొత్తం తెల్లకణాలు 7,400. అందులో న్యూట్రోఫిల్స్ నాలుగున్నర వేల పైన. మామూలు వైరల్ జ్వరమే. విశాఖకు ఫోన్ చేసి, కాగితం చదివి వినిపించి, సరేననిపించుకున్నాకే ఆ స్ట్రిప్ మళ్లీ విప్పారు. అనవసరంగా కంగారు పడ్డామా అని కూతురికి అనిపిస్తే ఎవరైనా చెప్పాలి ఆమెకు: ఆ రాత్రి నువ్వు చేసిందే అసలైన వైద్యం తల్లీ.

మూడో నెల దాటింది. మళ్లీ అదే వరండా. ఇప్పుడు విశాఖలో ఉక్కపోత. అందరూ విసురుకుంటుంటే పెద్దమ్మ మాత్రం నెమ్మదిగా కూర్చుంది. చేతులు వణకడం లేదు. నాడి డెబ్బై ఎనిమిది. నిద్ర పడుతోంది. జాకెట్లు మళ్లీ బిగుతవుతున్నాయని కూతురు నవ్వుతోంది. జబ్బు తగ్గినకొద్దీ పాత ఆకలితోనే తింటే ఒళ్లొచ్చేస్తుందని డాక్టరమ్మ కిందటిసారే హెచ్చరించింది.

రిపోర్టులో ఫ్రీ టీ4, టీ3 మామూలు స్థాయికి దిగాయి. టీఎస్‌హెచ్ మాత్రం ఇంకా నేలనే ఉంది. కూతురు భయపడింది. నెలల తరబడి నోరు మూసుకున్న పిట్యూటరీ తేరుకోవడానికి టైము పడుతుంది. ఈ దశలో టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి మోతాదు పెంచితే మనిషి అటు చివరికి, హార్మోన్ చాలని వైపు పడిపోతుంది. డాక్టరమ్మ ఫ్రీ టీ4, టీ3లనే నమ్మి మోతాదును పదికి తగ్గించింది, ప్రొప్రనొలాల్ నెమ్మదిగా మాన్పించింది. తర్వాత కొన్ని నెలలకు అయిదు మిల్లీగ్రాములు సరిపోయాయి.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. జబ్బు బాధ పెట్టినన్నాళ్లు మాత్ర గుర్తుంటుంది. బాధ పోయాక మాత్రే భారమనిపిస్తుంది. ధనుర్మాసంలో పండగ పనుల హడావుడి, ఇంటి నిండా చుట్టాలు. మాత్రలు అయిపోయాయి, తెప్పించలేదు. "బాగానే ఉన్నాను కదే, ఇంకెందుకు?" అంది పెద్దమ్మ. ఎదురింటి కోడలు కూడా ఏడాదిన్నర మింగి ఆపేసిందట, ఆమెకు నయమైపోయిందట.

ఎదురింటి కోడలిది గ్రేవ్స్. ఆమె ఒంట్లో థైరాయిడ్‌ను రెచ్చగొట్టింది యాంటీబాడీలు. మందు వాడిన ఏడాది, ఏడాదిన్నరలో ఆ యాంటీబాడీల ఉద్ధృతి తగ్గితే, దాదాపు సగంమందిలో జబ్బు సర్దుకుంటుంది. అందుకే ఆమెకు ఆపి చూశారు. పెద్దమ్మ గడ్డల్లో సర్దుకునేది ఏమీ లేదు. మారిపోయిన జన్యువుతో ఆ కణాలు అలాగే ఉన్నాయి. మాత్ర పోయిన రోజు నుంచే ఎంజైము మళ్లీ అతుకులు వేస్తోంది. సంక్రాంతి దాటి రథసప్తమి వచ్చేసరికి నిద్ర పోయింది, దడ తిరిగొచ్చింది. పరీక్షలో టీ3 మళ్లీ పైకి లేచింది. గడ్డలున్న చోట మందు ఆపితే దాదాపు అందరి కథా ఇదే. ఈ మాట మొదటి రోజే రోగికి అర్థమయ్యేలా చెప్పకపోతే, నెలల కష్టం కొద్ది వారాల్లో నేలపాలవుతుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మూడు దారులు చెప్పింది.

మొదటిది రేడియో అయోడిన్. ఒక గొట్టం మాత్రో, గుక్కెడు ద్రవమో. 1941 మార్చిలో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ తొలిసారి ఒక రోగికి ఇచ్చిన వైద్యం ఇది. మన దేశంలో ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963 నుంచి ఈ పనిలో ఉంది. పనిచేస్తున్న గడ్డలే అయోడిన్‌ను లాక్కుంటాయి, ఆ కిరణాలకు అవే కాలిపోతాయి. నిద్రపోతున్న మంచి భాగం చాలావరకు మిగులుతుంది. ముందు కార్బిమజోల్‌ను కొద్ది రోజులు ఆపాలి. తర్వాత కొన్నాళ్లు పసిపిల్లల్నీ, గర్భిణుల్నీ దగ్గరికి తీసుకోకూడదు. ఫలితానికి నెలలు పడుతుంది. కొందరికి తర్వాత థైరాయిడ్ తగ్గి, జీవితాంతం థైరాక్సిన్ వేసుకోవాల్సి వస్తుంది.

రెండోది ఆపరేషన్. గడ్డలు గాలిగొట్టాన్ని నొక్కుతున్నా, మింగుడు పడకపోయినా, చల్లని గడ్డ మీద అనుమానమున్నా ఇదే మేలు. ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు హార్మోన్‌ను అదుపులోకి తెచ్చేది మళ్లీ కార్బిమజోలే.

మూడోది ఈ మాత్రనే తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి కొనసాగించడం. ఒకప్పుడు దీన్ని గత్యంతరం లేనివాళ్లకే అనేవారు. టెహ్రాన్ పరిశోధకులు గడ్డల జబ్బున్నవాళ్లకు అయిదేళ్లకు పైగా తక్కువ మోతాదు మెథిమజోల్ ఇచ్చి, రేడియో అయోడిన్‌తో పోల్చి, అది సురక్షితంగానే పనిచేసిందని 2019లో ప్రచురించారు. వయసు మీద పడినవాళ్లకు, వేరే జబ్బులున్నవాళ్లకు, రేడియో అయోడిన్ అందుబాటులో లేనివాళ్లకు, వద్దనుకున్నవాళ్లకు ఇప్పుడు ఇది గౌరవమైన దారే. షరతు ఒక్కటే. ఆపకూడదు, పరీక్షలు మానకూడదు.

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆపరేషన్ వద్దంది. గొంతు నొక్కడం లేదు కాబట్టి డాక్టరమ్మా పట్టుబట్టలేదు. రేడియో అయోడిన్ విని తలూపింది గానీ, "మనవరాలికి నెలలు నిండుతున్నాయి బాబూ. పురుడు పోసి, పసిబిడ్డని ఒళ్లో పెట్టుకోవాల నేను. ఆ పని అయ్యాక చూద్దుం" అంది. అందాకా అయిదు మిల్లీగ్రాముల మాత్ర. రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఈ నిర్ణయంలో భయం గానీ, మొండితనం గానీ లేవు. తన గొంతులో ఏముందో, మందు ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో తెలిసిన మనిషి, తన ఇంటి అవసరం చూసుకుని ఎంచుకున్న దారి. వైద్యానికి ఇంతకన్నా మంచి ఒప్పందం ఉండదు.

"అయితే నాకొక్కసారి మీరే చెప్పండి పెద్దమ్మా" అంది డాక్టరమ్మ చీటీ ఇవ్వకుండా పట్టుకుని. "ఈ మాత్ర ఎప్పుడు ఆపాలి?"

పెద్దమ్మ వేళ్లు మడిచింది. "జొరమొస్తే ఆపాల. గొంతు నొప్పొస్తే, నోరు పూస్తే ఆపాల. కళ్లు పచ్చబడితే ఆపాల. ఆ రోజే నెత్తురు పరీక్ష చేయించాల."

"మరి ఒళ్లు బాగుంటే?"

"ఒళ్లు బాగుందంటే మాత్ర పని చేస్తన్నాదని బాబూ. అప్పుడు అస్సలు ఆపకూడదు."

డాక్టరమ్మ చీటీ చేతికిచ్చింది. గొంతులో గడ్డలతో ఈ మాత్ర మింగుతున్న ప్రతి ఇంట్లోనూ, ఈ రెండు జవాబులూ రోగికీ, పక్కనున్న ఇంకొక్క మనిషికీ కంఠతా వచ్చి ఉండాలి.